స్థూలకాయము ఎవరి దోషము?

వర్తకుని ఇంట బొజ్జ ఒకప్పుడు భాగ్యలక్షణముగా ఎంచబడెడిది. గద్దెపై బాలీసునకు ఆనుకొని, గల్లాపెట్టె ప్రక్కన నిండుగా కూర్చున్న యజమానిని చూచి, "ఆ ఇంట లక్ష్మి నిలిచియున్నది" అని జనులు చెప్పుకొనెడివారు. నేడు మాట తిరుగబడినది. అదే యజమాని వైద్యుని యెదుట కూర్చున్నప్పుడు, "నోరు కట్టుకొనలేరా? రోజునకు నాలుగడుగులు నడువలేరా?" అను మందలింపు వినవలసి వచ్చుచున్నది. ఇంటికి తిరిగి వచ్చిన పిదప భార్యయు, కుమారులును, తుదకు మనుమలును అదే మాట అందురు.

నాటి మెప్పునకును నేటి మందలింపునకును ఆధారమైన ఊహ ఒక్కటే. మనుష్యుని శరీరము అతని గుణమునకు అద్దమను ఊహ అది. నాడు బొజ్జ భాగ్యమునకు గుర్తు. నేడు జిహ్వాచాపల్యమునకును సోమరితనమునకును గుర్తు. ఈ ఊహ ఎంతవరకు నిజము? ఇది వైద్యులు మాత్రమే తేల్చుకొనవలసిన ప్రశ్న యనిపించును గాని, దీనిలో ధర్మప్రశ్న ఒకటి ఇమిడియున్నది. దోషము ఎవరిదని తలచెదమో, దానిని దిద్దవలసిన భారము కూడ వారిమీదనే మోపుదుము. తీర్పు తప్పినచో భారము తప్పు భుజములపై పడును.

ఈ విషయమున ఇంగ్లండులో జరిగిన ఒక పరిశోధన మంచి వెలుగు చూపినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప ఆ దేశములో గుండెపోటు మరణములు హెచ్చుచుండెను. కారణము తెలియక వైద్యులు తికమకపడుచుండిరి. అప్పుడు జెరెమీ మారిస్ అను వైద్యుడు తన సహచరులతో కూడి లండను నగర రవాణా సంస్థలో పనిచేయు దాదాపు 31 వేలమంది పురుషుల ఆరోగ్యపు లెక్కలను పరిశీలించెను. లండను బస్సులు రెండంతస్తులవి. డ్రైవరు పనివేళ యంతయు కూర్చుండియే యుండును. కండక్టరు టిక్కెట్లు ఇచ్చుటకై క్రిందికిని మీదికిని తిరుగుచు, ఒక్కొక్క పనిదినమున సుమారు 600 మెట్లు ఎక్కెడివాడు. ఇరువురును ఒకే ఊరివారు, ఒకే సంస్థలో జీతగాండ్రు, ఒకే బండిలో రోజంతయు గడపువారు.

1953లో 'లాన్సెట్' అను వైద్యపత్రికలో ఆ ఫలితములు ప్రకటితమైనవి. డ్రైవర్లకంటె కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చుచుండెను. వచ్చినను పెద్ద వయస్సున వచ్చుచుండెను, ప్రాణాంతకమగుటయు తక్కువ. తపాలా శాఖలో చూచినను, ఇంటింటికి తిరిగి ఉత్తరములు పంచువారికిని, బల్లముందు కూర్చుండి వ్రాయు గుమాస్తాలకును నడుమ అట్టి భేదమే కానవచ్చెను.

ఆ తరువాతి ఘట్టము బట్టల వర్తకులకు ప్రత్యేకముగా రుచించును. బస్సు సిబ్బందికి సంస్థయే దుస్తులు కుట్టించి ఇచ్చెడిది గనుక దర్జీ కొలతల పుస్తకములు భద్రముగా ఉండెను. మారిస్ వాటిని తెప్పించి చూచెను. డ్రైవర్ల నడుము కొలతలు కండక్టర్ల కొలతలకంటె పెద్దవిగా ఉండెను. ఈ సంగతి 1956లో ప్రకటితమైనది. అయితే అందులో ఒక చిక్కు కలదు. యౌవనములో ఉన్న డ్రైవర్ల నడుము కూడ కొంత లావుగనే కనబడెను. అట్లయిన, కూర్చుండుటవలన లావెక్కిరా? లేక లావాటివారే కూర్చుండెడి పనిని ఎన్నుకొనిరా? తాను కనుగొన్నదానికే విరుద్ధముగా తోచు ఈ సంశయమును మారిస్ దాచలేదు. పిమ్మట సన్ననివారిని, మధ్యరకమువారిని, లావాటివారిని వేరువేరుగా లెక్కించి చూచినను, ప్రతి వర్గమునందును ఆకస్మిక మరణములు డ్రైవర్లలోనే హెచ్చుగా ఉండెను. లావు ఒక్కటే కారణము కాదనియు, కదలికకు వేరుగా ఒక రక్షణశక్తి కలదనియు దీనివలన తెలిసినది.

ఇప్పుడు గుణదోషముల మాట చూతము. కండక్టరు శరీరముపై శ్రద్ధతో మెట్లు ఎక్కలేదు. మీది అంతస్తులో టిక్కెట్టు కొనవలసినవారు ఉండిరి గనుక ఎక్కెను. డ్రైవరు సోమరితనముచేత కూర్చుండలేదు. అతడు లేచినచో బస్సు నడువదు. ఒకనికి ఆయుస్సును, మరొకనికి రోగమును పంచిపెట్టినది వారి శీలము కాదు, వారికి దొరికిన ఆసనము.

జన్మచేత సంక్రమించునది మరొకటి కలదు. డెన్మార్కు దేశములో దత్తత పోయిన 540 మంది పెద్దవారైన పిదప వారి శరీరపు లావును పరిశీలించి, 1986లో ఫలితములు ప్రకటించిరి. వారి లావు కన్న తలిదండ్రుల లావుతో సరిపోలినది గాని, పెంచిన తలిదండ్రుల లావుతో పోలిక కనబడలేదు. ఒకే పంక్తిలో కూర్చుండి ఒకే వంట తిన్న ఇద్దరు అన్నదమ్ములలో ఒకడు సన్నగాను, రెండవవాడు లావుగాను ఉండుట ఏ ఇంటనైనను చూడవచ్చును. రెండవవానిని తిండిపోతని నిందించుట సులభము. న్యాయము మాత్రము కాదు.

భారతీయుల శరీరమునకు ఈ విషయమున ప్రత్యేకమైన బలహీనత యొకటి కలదు. బరువును కిలోలలోను, ఎత్తును మీటర్లలోను తీసికొని, బరువును ఎత్తు వర్గముచేత భాగించినచో ఒక సంఖ్య వచ్చును. 165 సెంటీమీటర్ల ఎత్తు, 68 కిలోల బరువు గలవానికి ఆ సంఖ్య దాదాపు 25. దీనిని 19వ శతాబ్దమున కనిపెట్టిన కెట్లే అను బెల్జియము దేశపు గణితజ్ఞుడు రోగములను గూర్చి ఆలోచించలేదు. సగటు మనుష్యుడు ఎట్లుండునో తెలిసికొనగోరెను. పాశ్చాత్యులకు 25 దాటినచో అధికభార మందురు. ఆసియావాసులకు 23 నుండియే జాగ్రత్త అవసరమని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణులు సూచించిరి. ఆ సంవత్సరమే పూనా వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండను వైద్యుడు జాన్ యుడ్కిన్ ఇరువురును తమ శరీరములనే ఉదాహరణముగా చూపిరి. ఇద్దరికిని ఆ సంఖ్య 22.3 మాత్రమే. కాని యుడ్కిన్ శరీరములో క్రొవ్వు నూటికి 9.1 పాళ్లుండగా, యాజ్ఞిక్ శరీరములో 21.2 పాళ్లుండెను. తక్కెడ ఒకే మాట చెప్పినను లోపలి సరుకు వేరు. పూనా సమీప గ్రామములలో పుట్టిన శిశువులు కూడ ఇంగ్లండు శిశువులకంటె చిన్నవారైనను, వారి చిన్ని శరీరములలో కండ తగ్గినంతగా క్రొవ్వు తగ్గలేదని యాజ్ఞిక్ బృందము చూపినది.

జమాఖర్చుల భాషలో చెప్పవలెనన్న, తిన్నది జమ, కదలిక ఖర్చు, క్రొవ్వు నిలువ. అయితే నిలువ ఎంత యనుటకంటె అది ఏ కొట్టులో చేరినదనుట ముఖ్యము. చర్మము క్రింద చేరిన క్రొవ్వు అంతగా కీడు చేయదు. కాలేయములోను, ప్రేవుల చుట్టును చేరినది ఇన్సులిన్ పనిని అడ్డగించి, మధుమేహమునకును గుండెజబ్బునకును దారి తీయును. తొడలలోని పెద్ద కండరములు కదలినప్పుడు రక్తములోని చక్కెరను తమలోనికి తీసికొని వినియోగించును. గంటల తరబడి కూర్చున్నచో ఆ ఖర్చు చాలవరకు నిలిచిపోవును. అందువలననే భారతీయులకు తక్కెడకంటె టేపు మంచి సాక్షి. నడుము కొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకుండ చూచుకొనుమని వైద్యులు చెప్పుచున్నారు.

కూనూరులో 1918లో బెరిబెరి రోగమును గూర్చి విచారించుటకై మెక్కారిసన్ అను వైద్యుని క్రింద చిన్న పరిశోధనశాల యొకటి ఏర్పడెను. తిండి లోపమువలన కలుగు వ్యాధులే దాని విషయము. అది 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధి కెక్కినది. లోపమును శోధించుటకు పుట్టిన సంస్థ ఇప్పుడు ఆధిక్యమును కూడ శోధించవలసి వచ్చినది. దేశమంతట జరిగిన సర్వే యొకటి 2023లో ప్రకటించిన లెక్క ప్రకారము, భారతదేశములో 10 కోట్ల 10 లక్షలమందికి మధుమేహము కలదు. పెద్దవారిలో నూటికి దాదాపు 40 మందికి నడుము కొలత హద్దు దాటియున్నది. ఒక తరము లోపల ఇన్ని కోట్లమంది ఒక్కసారిగా సోమరులును తిండిపోతులును అయిరనుట నమ్మదగిన మాట కాదు. వారిచుట్టునున్న బ్రతుకు మారినది.

"అట్లయిన ఎవరిదియు దోషము కాదు, కావున ఎవరును ఏమియు చేయనక్కరలేదు" అని ఒకరు అనవచ్చును. ఇక్కడనే వర్తకుల అనుభవము అక్కరకు వచ్చును. తండ్రి చేసిన అప్పు కుమారుని తప్పిదము కాదు. అయినను, పరువు గల కుమారుడు దానిని తీర్చును. భాగస్తులున్నచో వారును తమ వంతు మోయుదురు. దోషము వేరు, బాధ్యత వేరు. దోషము గతమును చూచును. బాధ్యత ఇకమీద చేయదగినదానిని చూచును. స్థూలకాయుని నిందించువారు ఈ రెండింటిని ఒకే పద్దులో వ్రాయుచున్నారు. విధియని చేతులు ముడుచుకొనువారును అదే తప్పు చేయుచున్నారు.

చేయదగినది కలదనుటకు సాక్ష్యము గట్టిది. మధుమేహపు అంచున ఉన్న 3,234 మందితో అమెరికాలో జరిగిన పరిశోధన ఫలితములు 2002లో వెలువడినవి. బరువులో నూటికి 7 వంతులు తగ్గుట, వారమునకు 150 నిమిషములు చురుకుగా నడచుట వారికి పెట్టిన లక్ష్యములు. ఆ మార్గమున నడచిన వర్గములో మధుమేహము నూటికి 58 వంతులు తగ్గెను. మందు తీసికొన్న వర్గములో 31 వంతులే తగ్గెను. చెన్నపట్టణములో 531 మందితో జరిగి 2006లో ప్రకటితమైన పరిశోధనలో కూడ జీవనవిధానపు మార్పువలన నూటికి 28.5 వంతులు తగ్గుదల కనబడెను. కాని ఒక సంగతి మరువరాదు. అమెరికాలో ఆ మార్గము పట్టినవారిని "తక్కువ తినుడు, ఎక్కువ నడువుడు" అని చెప్పి ఇంటికి పంపలేదు. ఒక్కొక్కరికి ఒక శిక్షకుని ఏర్పరచి, 16 పాఠములు ఒక్కొక్కటిగా చెప్పించి, వెంటనుండి నడిపించిరి. సంకల్పము వారిదే, దానిని నిలిపినది తోడు.

తోడు ఇచ్చుట యెవరి పని? జైనశాస్త్రము కర్మను మూడు ద్వారముల గుండ లెక్కించును: తాను చేయుట, ఇతరులచేత చేయించుట, ఇతరులు చేయగా ఆమోదించుట. కృతము, కారితము, అనుమోదితము. హింస విషయమున ఈ మూడింటిని సూక్ష్మముగా పరిశీలించు కుటుంబములు, ఆరోగ్యము విషయమున మొదటి ద్వారమునే చూచుట ఆశ్చర్యకరము. తిన్నవాడు దోషి; తినిపించినవాడు అతిథిపూజ చేసిన పుణ్యాత్ముడు! విందులో "చాలు" అని చేయి అడ్డము పెట్టినవాని విస్తరిలో మరి రెండు మిఠాయిలు వేయుట కారితము. "మా మాట కాదన్నాడు" అని అలుగుట అనుమోదితమునకు కూడ మించినది.

దుకాణములో గుమాస్తాను ఉదయము నుండి రాత్రివరకు కదలనీయక లెక్కలముందు కూర్చుండబెట్టునది యజమాని. సాయంకాలము కోడలు అరగంట నడచి వత్తునన్నచో, "ఇంటి ఆడవారికి వీధులలో తిరుగుట ఏమిటి?" అనునది పెద్దలు. ఆమెకు నలుబదవ యేట మధుమేహము వచ్చినప్పుడు, తీపి మానలేదని ఆమెనే అందురు. బస్తాలు మోయు హమాలీకి బొజ్జ లేదు గనుక అతడు అదృష్టవంతుడని తలచుటయు పొరపాటే. చాలని తిండితో, విశ్రాంతి లేని బరువుపని నడుమును విరుచును. అది వ్యాయామము కాదు. ఒకే దుకాణములో ఒకని కదలనీయకపోవుటయు, మరొకని కూర్చుండనీయకపోవుటయు ఒక్క యజమాని ఏర్పాటే.

జెఫ్రీ రోజ్ అను ఆంగ్ల వైద్యుడు 1985లో ఈ విషయమునే మరొక విధముగా చెప్పెను. "ఈ మనుష్యునికి ఈ రోగము ఏల వచ్చినది?" అనుట ఒక ప్రశ్న. "ఈ జనులలో ఈ రోగము ఏల ఇంత హెచ్చుగా ఉన్నది?" అనుట వేరొక ప్రశ్న. అందరిలోను కొద్దిపాటి మార్పు తెచ్చినచో ఒక్కొక్కరికి కలుగు మేలు స్వల్పమే. సంఘమునకు కలుగు మేలు మాత్రము పెద్దది. చిల్లర వ్యాపారము చేయువారికి ఇది వింతగా తోచదు. ఒక్కొక్క సరుకుపై లాభము పైసలలో నుండును. సంవత్సరాంతమున ఖాతా చూచినచో కుటుంబము దానితోనే బ్రతికినదని తెలియును.

వనస్పతి చరిత్ర దీనికి ఉదాహరణము. దశాబ్దములపాటు వర్తకులు దానిని మంచి సరుకని నమ్మియే అమ్మిరి. దానిలోని ట్రాన్సు క్రొవ్వు గుండెకు చేటని తెలిసిన పిదప, 2022 జనవరి నుండి నూనెలలోను, వంటక్రొవ్వులలోను అది నూటికి రెండు వంతులు మించరాదని భారతదేశములో నియమము వచ్చినది. వండిన గృహిణికి తెలియకయే, తిన్నవానికి సంకల్పము లేకయే, కోట్ల విస్తళ్లలోని కీడు కొంత తగ్గినది. తెలియక అమ్మిన నాటి వర్తకుడు దోషి కాడు. తెలిసిన తరువాత, నియమము వచ్చువరకు వేచియుండుటా, ముందుగనే మానుటా యనునదే అతని ధర్మమునకు పరీక్ష.

ఇంత చెప్పినంత మాత్రమున తినువాని వంతు లేకపోదు. బాహ్యతపస్సులు ఆరింటిలో ఉపవాసము మొదటిది. ఆకలి పూర్తిగా తీరకమునుపే లేచుట, అనగా ఊనోదరి, రెండవది. ముప్పదిరెండు కబళములను నిండు భోజనముగా ఎంచి, అందులో కొన్ని తగ్గించుట దాని పద్ధతి. ఉపవాసమును పది మంది చూతురు, మెచ్చుకొందురు. ఊనోదరిని ఎవరును చూడరు. పారణనాటి మిఠాయిలలో అది కొట్టుకొనిపోయినను ఎవరును అడుగరు. అయితే ఈ తపస్సును బరువు తగ్గించు ఉపాయముగా మార్చరాదు. దాని గమ్యము వేరు. బరువు తగ్గనంత మాత్రమున అది నిష్ఫలము కాదు, తగ్గినంత మాత్రమున సఫలమును కాదు. మధుమేహమునకు మందు వాడువారు వైద్యుని అడుగక ఉపవసించుట ప్రాణాపాయమని కూడ తెలిసియుండవలెను.

మాటలోని హింసను గూర్చి కూడ ఒకటి చెప్పవలసియున్నది. లావాటి పిల్లవానిని బంధువుల నడుమ పరిహసించినచో సిగ్గుపడి సన్నబడునని పెద్దలు అనుకొందురు. అమెరికాలో 2013లో ప్రకటితమైన పరిశోధన యొకటి దీనికి విరుద్ధముగా చెప్పుచున్నది. లావును బట్టి చిన్నచూపునకు గురియైనవారు, గురికానివారికంటె, కొన్ని సంవత్సరములలో స్థూలకాయులగుట దాదాపు రెండున్నర రెట్లు అధికముగా కనబడెను. నింద ఔషధమని చెప్పుకొనుటకు కూడ వీలులేదు. నొప్పి కలిగించి, రోగమును పెంచు పలుకునకు అహింసావ్రతము గల ఇంట చోటెక్కడిది?

జెరెమీ మారిస్ 2009లో 99వ యేట మరణించెను. వ్యాయామపు మేలు లోకమునకు చూపిన ఆయన, 2000లో తన సహచరులతో కలిసి వేరొక లెక్కకు పూనుకొనెను: పనిచేసికొని బ్రతుకు ఒక యువకునికి ఆరోగ్యముగా జీవించుటకు వారమునకు ఎంత సొమ్ము కావలెను? మంచి తిండికి, ఇంటికి, వ్యాయామమునకు, నలుగురితో కలిసి మెలగుటకు అగు ఖర్చును విడివిడిగా కూడెను. "నడువుము" అని చెప్పి ఊరకుండక, నడచుటకు తీరిక, తినుటకు తగిన జీతము కలవా యని ఆయన అడిగెను. జీతము ఇచ్చు చేయి గలవారు ఆ ప్రశ్నను తప్పించుకొనలేరు.

ఆ పాత కండక్టరు ఉద్యోగము లండనులో నేడు లేదు. దానిని తీసివేసినవారెవరును ఒకరి గుండెకు కీడు తలచలేదు. ఖర్చు తగ్గుననియే తలచిరి. దినమునకు 600 మెట్లు అట్లు ఎవరికిని తెలియకుండ జీవితమునుండి జారిపోయినవి. ప్రతి దుకాణములోను, ప్రతి ఇంటను అట్టి మెట్లు కొన్ని ఏటేట జారిపోవుచున్నవి. గద్దెపై కూర్చున్న పెద్దమనిషి తన నడుమునకు టేపు చుట్టి చూచుకొనుట మంచిదే. ఆ టేపు తీసి ప్రక్కన పెట్టిన పిదప, తన మాటపై కూర్చుండువారు ఎందరు, తన మాటపై లేవగలవారు ఎందరు అని ఒకసారి లెక్కించుకొన్నచో, ఆ దినపు జమాఖర్చు పూర్తియైనట్లు.